రాతలో పడిన మాట



అమెరికా దేశపు పశ్చిమ తీరాన సియాటిల్ అనే నగరం ఉంది. 2023 జనవరి 23వ తేదీ రాత్రి ఆ నగరంలో ఒక తెలుగమ్మాయి రోడ్డు దాటుతోంది. పేరు కందుల జాహ్నవి. వయస్సు 23 సంవత్సరాలు. కర్నూలు జిల్లా ఆదోని నుండి ఎం.ఎస్. చదువుకోడానికి వెళ్లిన బిడ్డ. మనుషులు దాటడానికి గీతలు గీసి ఉంచిన చోటనే ఆమె దాటుతోంది. అదే సమయానికి, మత్తుమందు ఎక్కువై ఎవరో ప్రమాదంలో ఉన్నారన్న పిలుపు అందుకొని వెళుతున్న పోలీసు కారు ఆమెను ఢీకొట్టింది. గంటకు 25 మైళ్లకు, అంటే 40 కిలోమీటర్లకు మించి వెళ్లకూడని వీధి అది. ఆ కారు 74 మైళ్ల వేగం, అంటే సుమారు 119 కిలోమీటర్ల వేగం అందుకుందని విచారణలో తేలింది. ఆ రాత్రే జాహ్నవి కన్ను మూసింది.

ఈ సంగతి చాలామంది టీవీలో చూసే ఉంటారు. రెండు రోజులు బాధపడి మరచిపోయే ఉంటాం. ఈ నెల శీర్షికలో దానిని మళ్లీ ఎత్తడానికి కారణముంది. ఆ తరువాత జరిగిన సంగతులలో, పోలీసు స్టేషను గడప తొక్కడానికి జంకే మన పల్లె కుటుంబాలు నేర్చుకోవలసిన పాఠం ఒకటి ఉంది.

ఆ నగరంలో పోలీసులు ఒంటిమీద చిన్న కెమెరా పెట్టుకొని తిరుగుతారు. ప్రమాదం జరిగాక, కారు నడిపిన పోలీసు ఏదైనా మత్తులో ఉన్నాడేమో పరీక్షించడానికి మరొక అధికారి వచ్చాడు. ఆ పని ముగించుకొని వెళుతూ తమ పోలీసు సంఘం అధ్యక్షుడితో ఫోనులో మాట్లాడాడు. ఒంటిమీద కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది. చనిపోయిన అమ్మాయి విలువ అంతంతమాత్రమేననీ, పదకొండు వేల డాలర్లకు ఒక చెక్కు రాసిస్తే సరిపోతుందనీ అతడు అన్న మాటలు, ఆ మాటల నడుమ నవ్వు, అన్నీ అందులో రికార్డయ్యాయి. నగరం తరఫు లాయర్లు ఇలా మాట్లాడతారని ఎగతాళి చేశానే తప్ప ఆ పిల్లను కాదని తరువాత అతడు సంజాయిషీ చెప్పుకున్నాడు. అయినా ఆ నవ్వు విన్న ఏ తల్లికి కడుపు తరుక్కుపోదు?

ఆ రికార్డును బయటికి తీసింది పత్రికలవారు కాదు, పగవారు కాదు. ఆ పోలీసు శాఖలోనే పనిచేసే ఒక ఉద్యోగి, రోజువారీ పనిలో భాగంగా రికార్డులు చూస్తూ ఆ మాటలు విని, ఇది ఊరుకోదగినది కాదని పైవారికి తెలియజేశారు. 2023 సెప్టెంబరులో లోకమంతా విన్నది. విచారణ జరిగింది. 2024 జూలైలో, అప్పటి తాత్కాలిక పోలీసు అధిపతి స్యూ రార్ ఆ అధికారిని ఉద్యోగంలోనుండి తొలగించారు. కారు నడిపిన వ్యక్తి మీద నేరం మోపడానికి సాక్ష్యం చాలదని ప్రభుత్వ న్యాయవాదులు 2024 ఫిబ్రవరిలో చెప్పారు. నిర్లక్ష్యంగా నడిపినందుకు 5,000 డాలర్ల జరిమానా చీటీ మాత్రం ఇచ్చారు. 2025 జనవరిలో అతని ఉద్యోగం కూడా పోయింది.

ఇది సంపూర్ణ న్యాయమా? కాదు. పోయిన బిడ్డ తిరిగి రాదు. కాని ఒక్క సంగతి గమనించండి. ఆ మాటలు రికార్డు కాకపోయి ఉంటే, అలాంటి మాట అన్నారని మనలో ఎవరు చెప్పినా ఎవరు నమ్మేవారు? గాలిలో కలిసిపోయిన మాటకు సాక్షి లేడు. రికార్డులో పడిన మాటను కాదనడం ఎంతటివారికీ కష్టమే.

అక్కడి పోలీసు ఎవరి చేతిలో ఉంటాడు?

అమెరికాలో పోలీసు వ్యవస్థ మన వ్యవస్థవంటిది కాదు. మనకు రాష్ట్రమంతటికీ ఒకే పోలీసు శాఖ. రాజ్యాంగం పోలీసును రాష్ట్రాల జాబితాలో పెట్టింది. గరివిడి స్టేషనులో కూర్చున్న ఎస్.ఐ. మీద సి.ఐ., ఆయన మీద డి.ఎస్.పి., ఆపైన విజయనగరంలో ఎస్.పి., అలా మెట్లు మెట్లుగా డి.జి.పి. వరకు వెళుతుంది. మన సర్పంచికి గాని గ్రామసభకు గాని అందులో చేయి లేదు. అమెరికాలోనైతే ఏ నగరానికి ఆ నగరం సొంతంగా పోలీసులను పెట్టుకొంటుంది. దేశం మొత్తం మీద అన్ని రకాల పోలీసు శాఖలు, చిన్నవీ పెద్దవీ కలిపి, సుమారు 18,000 ఉన్నాయి. సియాటిల్ వంటి నగరాలలో మేయరు పోలీసు అధిపతిని నియమిస్తాడు. జీతాలకు, కార్లకు, తుపాకులకు ఎంత డబ్బో నగర కౌన్సిలు ఓటు వేసి తేలుస్తుంది. ఆ కౌన్సిలు సమావేశంలో మామూలు పౌరుడు లేచి నిలబడి మాట్లాడవచ్చు.

మరి ఊరివారి చేతిలోనే ఉంటే అక్కడ అన్యాయం జరగదా? జరుగుతుంది. అదే సియాటిల్ నగరంలో 2010 ఆగస్టు 30న జాన్ విలియమ్స్ అనే ఆదివాసి కొయ్యశిల్పి చేతిలో చెక్కుడు కత్తి పట్టుకొని రోడ్డు దాటుతుంటే ఒక పోలీసు కాల్చి చంపాడు. ఆ తరువాత కేంద్ర న్యాయశాఖవారు వచ్చి విచారించి, ఆ నగర పోలీసులు అవసరానికి మించి బలప్రయోగం చేస్తున్నారని 2011 డిసెంబరులో నివేదిక ఇచ్చారు. 2012 నుండి ఒక కేంద్ర న్యాయమూర్తి పర్యవేక్షణలో ఆ శాఖను సరిదిద్దవలసి వచ్చింది. పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులు చూడడానికి, పోలీసు కాని వ్యక్తి పెద్దగా ఉండే కార్యాలయం అక్కడ పనిచేస్తోంది. జాహ్నవి విషయంలో ఆ నవ్వు మీద విచారణ జరిపింది ఆ కార్యాలయమే.

దీన్నిబట్టి అక్కడివారు మనకంటె మంచివారనుకోనక్కరలేదు. మనిషి స్వభావం అక్కడైనా ఇక్కడైనా ఒకటే. అధికారం చేతిలో ఉన్నవాడు తప్పు చేయగలడని ముందే ఒప్పుకొని, ప్రతి పనికీ ఒక రాత, ఒక రికార్డు, దానిని చూడడానికి బయటివారి కన్ను ఏర్పాటు చేసుకొన్నారు. వారిని కాపాడినది ఆ ఏర్పాటే.

మన పోలీసు ఎలా పుట్టాడు?

గరివిడికీ సియాటిల్‌కూ మధ్య సముద్రాలున్నాయి. కాని ఆ ఏర్పాటు మనకు కూడా ఉందని, అది ఒకప్పుడు మన తాతల కన్నీటినుండే పుట్టిందని ఎందరికి తెలుసు?

ఆ కాలంలో మన ప్రాంతం మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1816లో చేసిన చట్టంతో శిస్తు వసూలు చేసే తహసీల్దారు చేతికే పోలీసు పని కూడా వచ్చింది. శిస్తు అడిగేవాడూ, కొట్టేవాడూ, కేసు పెట్టేవాడూ ఒక్కడే అయితే రైతు ఎవరితో మొరపెట్టుకుంటాడు? వేళ్లు నలిపే కిట్టి కొయ్య, నడుము వంచి తాడుతో కట్టి గంటల తరబడి ఎండలో నిలబెట్టడం, ఇవన్నీ సాగేవి. ఈ మాట ఇంగ్లాండులో పార్లమెంటుదాకా పోయి గొడవైతే, 1854లో మద్రాసులో విచారణ సంఘాన్ని వేశారు. చిత్రహింసలు నిజమేనని 1855లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. అందుకు చాలా దూరాలనుండి పేదలు నడిచి వచ్చి తమ గోడు చెప్పుకున్నారు. వారు చెప్పినది కాగితం మీదికి ఎక్కింది కాబట్టే అది నిలిచింది.

దాని ఫలితంగానే 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. శిస్తు పని వేరు, పోలీసు పని వేరు అయ్యాయి. రెండు సంవత్సరాల తరువాత, 1861లో, దేశమంతటికీ పోలీసు చట్టం చేశారు. అయితే ఆ చట్టాలు చేసిన తెల్లదొరల మనస్సులో ప్రజాసేవ కంటె తమ రాజ్యం భద్రంగా ఉండాలన్న తలంపే ఎక్కువ. 1902లో వేసిన ఫ్రేజరు కమిషను కూడా పోలీసులలో లంచగొండితనం, దౌర్జన్యం పెచ్చుపెరిగాయని మొహమాటం లేకుండా చెప్పింది. పోలీసును చూడగానే మన పెద్దలకు కాళ్లు వణకడం ఊరకే వచ్చిన గుణం కాదు. అది తరాలనుండి వచ్చిన భయం.

ఒక విచిత్రం చెప్పనా? ఆనాటి దొరలే తమ పోలీసును పూర్తిగా నమ్మలేదు. పోలీసు దగ్గర ముద్దాయి ఒప్పుకున్న మాట కోర్టులో అతని మీద సాక్ష్యంగా చెల్లదని అప్పుడే చట్టంలో రాసుకున్నారు. 2024 జూలై 1న కొత్త చట్టాలు అమలులోకి వచ్చినా ఆ నియమం అలాగే ఉంది. కాబట్టి, నాలుగు తగిలించి ఒప్పించేశాం, కేసు అయిపోయిందని ఎవరైనా అంటే, చట్టం ఆ మాట ఒప్పుకోదు సుమా.

ఆ ఒక్క కాగితం

మన చేతికి చట్టం ఇచ్చిన రాత పేరు ఎఫ్.ఐ.ఆర్. తెలుగులో ప్రథమ సమాచార నివేదిక అంటారు. దొంగతనం, దొమ్మీ, తీవ్రంగా గాయపరచడం, అపహరణ, అత్యాచారం, హత్య వంటి నేరాల సమాచారం అందగానే స్టేషనులో రాయవలసిన మొదటి కాగితమిది. కేసు అంతా దీనిమీదనే నిలుస్తుంది. ఆ రోజు రాయని మాట ఆరు నెలల తరువాత కోర్టులో చెబితే, అప్పుడెందుకు చెప్పలేదని ఎదుటి లాయరు అడుగుతాడు.

పాత క్రిమినల్ ప్రొసీజరు కోడు స్థానంలో ఇప్పుడున్న చట్టం పేరు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. దాని 173వ సెక్షను ఏమి చెబుతుందో ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

చదువు రానివారు నోటితో చెబితే చాలు, స్టేషనులో రాసుకోవాలి. రాసినది చదివి వినిపించాలి. ఆ తరువాతనే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా సరే, దగ్గరలో ఉన్న ఏ స్టేషనుకు వెళ్లినా తీసుకోవాలి. మా పరిధి కాదు, ఫలానా చోటికి పొమ్మని తిప్పకూడదు. ఫోను ద్వారా, కంప్యూటరు ద్వారా కూడా సమాచారం పంపవచ్చు, కాని మూడు రోజులలోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు వెంటనే ఉచితంగా ఇవ్వాలి. ఒక్క రూపాయి ఇవ్వనక్కరలేదు. స్త్రీల మీద జరిగిన కొన్ని నేరాలలో బాధితురాలి మాటను మహిళా అధికారే రాసుకోవాలి. అదే చట్టంలోని మరో సెక్షను ప్రకారం, కేసు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోగా బాధితులకు తెలియజేయాలి.

ఇలాంటి నేరం జరిగిందని తెలిసినప్పుడు ఎఫ్.ఐ.ఆర్. రాయడం తప్పనిసరి అని, రాయాలా వద్దా అన్నది అధికారి ఇష్టం కాదని సుప్రీం కోర్టు 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో తీర్పు చెప్పింది. భార్యాభర్తల తగాదాలు, వ్యాపార తగాదాలు వంటి కొన్నింటిలో ముందుగా చిన్న విచారణ జరుపవచ్చు. మూడేళ్ల నుండి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలలో డి.ఎస్.పి. అనుమతితో 14 రోజులలో ప్రాథమిక విచారణ చేయవచ్చని కొత్త చట్టం కూడా చెబుతోంది. బిడ్డ తప్పిపోతే మాత్రం ఆలస్యం కుదరదు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదును ఎఫ్.ఐ.ఆర్.గా నమోదు చేయాలని సుప్రీం కోర్టు 2013 మే నెలలోనే ఆదేశించింది. రెండు రోజులు చూద్దాం, చుట్టాలింటికి పోయిందేమో అని చెప్పి పంపేస్తే ఒప్పుకోకండి.

మన పల్లెల్లో జరిగేది వేరు. స్టేషను గడప దగ్గర ఒకడు నిలబడి ఉంటాడు. తెల్ల చొక్కా వేసుకొని ఉంటాడు, అందరినీ పేరు పెట్టి పిలుస్తాడు. నేను సారుతో మాట్లాడతాను, నువ్వు ఇక్కడే ఉండు అంటాడు. కూలి డబ్బు ఆ గడపలోనే అయిపోతుంది. చివరకు రాజీ కాగితం మీద వేలిముద్ర వేసి ఇంటికి వస్తాం. ఆ కాగితంలో ఏముందో మనకు తెలియదు. మధ్యవాడు బతికేది మన భయం మీద. ఫిర్యాదు మీరే రాసుకొని, రెండు ప్రతులు తీసుకొని, ఒకటి ఇచ్చి రెండో దాని మీద తేదీ వేసి ముద్ర వేయించుకొని రండి. అప్పుడు వాడితో పని ఉండదు.

ఫిర్యాదు రాయడానికి పెద్ద భాష అక్కరలేదు. ఏమి జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేశారు, ఎవరు చూశారు, ఏమి పోయింది. ఈ ఆరు ప్రశ్నలకు జవాబు ఉంటే చాలు. పేరు తెలియకపోతే ఆనవాలు రాయండి. అతిశయోక్తి వద్దు. ఒక్కడు కొడితే పదిమంది కొట్టారని రాస్తే, ఆ ఒక్క అబద్ధంతో తొమ్మిది నిజాలు కొట్టుకుపోతాయి.

పిలిచినప్పుడు, పట్టుకున్నప్పుడు

ఇంకొక భయం, మనవాణ్ణి స్టేషనుకు పట్టుకుపోయినప్పుడు కలిగేది. పనికోసం హైదరాబాదుకో చెన్నైకో వెళ్లిన మన పిల్లలకు కూడా ఈ సంగతులు తెలియాలి.

అరెస్టు ఎందుకు చేస్తున్నారో చెప్పాలి. అరెస్టు కాగితం రాసి, ఇంటివారిలో ఒకరితో గాని ఊరి పెద్దమనిషితో గాని సాక్షి సంతకం చేయించాలి. ఇంట్లోవారికి లేక స్నేహితులకు కబురు చెప్పాలి. ప్రయాణ సమయం పోను 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కు. విచారణ మధ్యలో లాయరును కలుసుకోవచ్చు. సుప్రీం కోర్టు 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో ఈ నియమాలను స్పష్టంగా వివరించి చెప్పింది.

సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితి వస్తే మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. సాక్ష్యం అడగడానికి స్త్రీలను, 15 సంవత్సరాలలోపు బాలురను, 60 దాటిన వృద్ధులను, వికలాంగులను, జబ్బుతో ఉన్నవారిని స్టేషనుకు రమ్మనకూడదు. వారి ఇంటికే వెళ్లి అడగాలి. స్టేషన్లన్నిటిలో సి.సి. కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరులో సుప్రీం కోర్టు ఆదేశించింది. సియాటిల్ పోలీసు ఒంటిమీద ఉన్నదీ, మన స్టేషను గోడకు ఉండవలసినదీ ఒకే పని కోసమే.

తీసుకోకపోతే ఎక్కడికి పోవాలి?

ఎస్.ఐ. ఫిర్యాదు తీసుకోకపోతే కేకలు వేయవద్దు, రోడ్డు మీద బైఠాయించవద్దు. అదే ఫిర్యాదును ఎస్.పి. గారికి స్పీడు పోస్టులో పంపండి. పోస్టాఫీసు రసీదు బైబిలులోనో పాసుపుస్తకంలోనో భద్రంగా పెట్టుకోండి. సోమవారం నాడు విజయనగరం ఎస్.పి. కార్యాలయంలో అర్జీలు తీసుకుంటారు, అక్కడికీ వెళ్లవచ్చు. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ మెట్లన్నీ ఆ 173వ సెక్షనులోనే ఉన్నాయి. స్త్రీలపై జరిగే కొన్ని ఘోర నేరాలలో ఫిర్యాదు రాసుకోని అధికారికి ఆరు నెలల నుండి రెండు సంవత్సరాల వరకు జైలుశిక్ష ఉంది.

లాయరుకు డబ్బు లేదని వెనుకాడవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. విజయనగరం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 15100కు ఫోను చేసినా చెబుతారు. ఆపదలో 112, స్త్రీలకు 181, పిల్లలకు 1098. ఫోనులో మోసపోయి బ్యాంకు డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోను చేయండి. తెల్లవారనివ్వండి చూద్దాం అంటే ఆ డబ్బు చేతులు మారి పోతుంది.

మన పెద్దలకు ఒక మాట

ఇక్కడ సంఘ పెద్దలకు, పెద్దమనుషులకు వేరే మాట చెప్పాలి. గట్టు తగాదా, గొడ్డు చేలో పడిన తగాదా, అన్నదమ్ముల మాట పట్టింపు, ఇవి కూర్చుని సరిచేయడం మంచి పనే. కాని చిన్నపిల్ల మీద అఘాయిత్యం జరిగితే పదిమంది చాప మీద కూర్చుని ఇంత సొమ్ము అని తేల్చే హక్కు మనకు లేదు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, అలాంటి నేరం జరిగిందని తెలిసిన ప్రతివాడూ పోలీసులకు తెలియజేయాలి. తెలిసి దాచితే దాచినవాడిది కూడా నేరమే. పరువు పోతుందని, పిల్లకు పెళ్లి కాదని మనం నోరు మూయిస్తే, ఆ బిడ్డ విలువకు మనమే వెల కట్టినట్టు. సియాటిల్ పోలీసు నోట పదకొండు వేల డాలర్లన్న మాట విని మండిపడ్డాం గదా. మన ఊరి చావడిలో యాభై వేలని తేల్చినప్పుడు అదే మంట మన గుండెలో పుట్టాలి.

కోడలిని కొట్టి చంపబోయారన్న సంగతి కూడా అంతే. ఓర్చుకో తల్లీ అని ప్రార్థన చేసి పంపడంతో మన పని తీరదు. ప్రార్థన చేయండి. చేసి ఆమెతో కూడా ఆసుపత్రికి, స్టేషనుకు వెళ్లండి. గాయం మానకముందే వైద్యుడి రాత ఉండాలి.

ఖాకీ చొక్కా లోపలి మనిషి

పోలీసులందరూ చెడ్డవారని ఈ మాటలకు అర్థం కాదు. మన విజయనగరంలోనే పోలీసు శిక్షణ కళాశాల ఉంది. కానిస్టేబులు ఉద్యోగానికి తెల్లవారుజామున రోడ్ల మీద పరుగులు తీసే కుర్రాళ్లు మన ఇళ్లవారే. పండుగ పూట మనం ఇంట్లో ఉంటే వారు జాతర దగ్గర బందోబస్తులో నిలబడతారు. రైలు పట్టాల మీద పడిన శవాన్ని చేతులతో ఎత్తేది వారే. బదిలీలు, పైవారి ఒత్తిడి, నాయకుల ఫోన్లు, వీటి మధ్య నలిగే మంచి అధికారులు ఉన్నారు. పోలీసులను రాజకీయ ఒత్తిడినుండి కాపాడాలని, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి ప్రత్యేక సంస్థలు పెట్టాలని 2006 సెప్టెంబరు 22న సుప్రీం కోర్టు ప్రకాశ్ సింగ్ కేసులో రాష్ట్రాలను ఆదేశించింది. ఆ కేసు వేసిన ప్రకాశ్ సింగ్ స్వయంగా డి.జి.పి.గా పనిచేసి రిటైరైన పోలీసే. సియాటిల్‌లో ఆ రికార్డును బయటికి తీసిన ఉద్యోగి కూడా ఆ శాఖలోని మనిషే గదా.

కాబట్టి స్టేషనులో మర్యాదగా మాట్లాడండి. సార్, నా ఫిర్యాదు ఇది, దయచేసి నమోదు చేసి నకలు ఇప్పించండి అని అడగండి. లంచం ఇవ్వకండి. పగతో పక్కవాడి మీద దొంగకేసు పెట్టకండి. అది వాడి బ్రతుకును కోర్టు మెట్ల మీద ఏళ్ల తరబడి తిప్పుతుంది, నిజంగా దెబ్బ తిన్నవారి మాటకు కూడా విలువ లేకుండా చేస్తుంది.

పౌలు అడిగిన ప్రశ్న

హక్కు అడగడం విశ్వాసికి తగదని, అన్నీ ఓర్చుకోవాలని కొందరంటారు. అపొస్తలుల కార్యములు మరొకసారి చదవండి. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసి, మర్నాడు గుట్టుగా పొమ్మంటే పౌలు కదలలేదు. కొట్టించినవారే వచ్చి బయటికి తీసుకువెళ్లాలన్నాడు. యెరూషలేములో కొరడాలతో కొట్టబోతుంటే, శిక్ష విధింపబడని రోమీయుణ్ణి కొట్టడానికి మీకు అధికారముందా అన్న భావంతో శతాధిపతిని ఒక్క ప్రశ్న అడిగాడు. తిట్టలేదు, తిరగబడలేదు. ఆ ఒక్క ప్రశ్నకు చేతులు ఆగిపోయాయి.

తరువాత ఆ సహస్రాధిపతి క్లౌదియ లూసియ గవర్నరుకు రాసిన ఉత్తరం 23వ అధ్యాయంలో ఉంది. ఇతడు రోమీయుడని తెలిసి నేను కాపాడానన్నట్టు రాసుకున్నాడు. కాని ముందుగా తెలిసిందా? కట్టి కొట్టించబోయిన తరువాత గదా తెలిసింది! రెండు వేల సంవత్సరాల క్రితమే అధికారి రాసే నివేదికలో ఆ చిన్న సవరణ ఉంది. అందుకే చెబుతున్నాను, మీ ఎఫ్.ఐ.ఆర్. మీరు చదివించుకోకుండా వేలిముద్ర వేయకండి.

ఈ నెలలో ప్రతి సంఘంలో ఒక పని చేయండి. బాగా రాయగలిగిన ఇద్దరు యౌవనస్థులను, ఒక అమ్మాయిని, ఒక అబ్బాయిని ఎన్నుకోండి. ఊరిలో ఎవరికి కష్టం వచ్చినా, ఏ కులంవారైనా, ఏ మతంవారైనా, ఫిర్యాదు రాసిపెట్టి స్టేషనుదాకా తోడు వెళ్లడం వారి సేవ. పైన చెప్పిన ఫోను నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి మందిరం గోడకు అంటించండి. విధవరాలు, ఒంటరి కూలిమనిషి, తండ్రి లేని పిల్ల, వీరు స్టేషను గడప దగ్గర ఒంటరిగా నిలబడకూడదు. పక్కన ఒక మనిషి, చేతిలో ఒక కాగితం ఉంటే వారి మాట గాలిలో కలిసిపోదు.